జీలిబ్‌సి వెర్షన్ గొడవ: ఇక్కడ కంపైల్ చేసింది అక్కడ ఎందుకు నడవదు

"లిబ్‌సి.ఎస్‌ఓ.6: వెర్షన్ జీలిబ్‌సి_2.34 నాట్ ఫౌండ్." కొత్త ఉబుంటులో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ని పాత సర్వర్‌లో పెట్టి ఎంటర్ కొట్టగానే కనిపించేది ఈ వరసే. లిబ్‌సి అంటే లినక్స్ ప్రోగ్రాములు పంచుకుని వాడే సీ భాష మూల లైబ్రరీ, దాని గ్నూ రూపమే జీలిబ్‌సి. దీనికి చలామణీలో ఉన్న సలహాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది, కొత్త మెషీన్ నుంచి లిబ్‌సి ఫైల్ తెచ్చి పాతదాని మీద పడేయడం. అలా చేసిన మరుక్షణం ఎల్‌ఎస్, సీపీ, సుడో ఏవీ నడవవు. సిస్టమ్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆ ఒక్క ఫైల్ మీదే నిలబడి ఉంటుంది మరి.

అసలు ఆ ఎర్రర్ ఏమంటోందో ముందు చూద్దాం. మీ లైబ్రరీ పాతది అని మొత్తంగా అనడం లేదు. ఈ ప్రోగ్రామ్ అడుగుతున్న ఫలానా ఫంక్షన్‌కి 2.34 అనే చీటీ ఉన్న రూపం నా దగ్గర లేదు, అంటోంది. జీలిబ్‌సిలో ప్రతి ఫంక్షన్‌కీ ఇలా ఒక వెర్షన్ చీటీ కట్టి ఉంటుంది. దీన్నే సింబల్ వెర్షనింగ్ అంటారు. ఫంక్షన్ ప్రవర్తన మార్చాల్సి వస్తే పాతదాన్ని తీసేయరు. పాత చీటీతో దాన్ని అలాగే ఉంచి, కొత్త చీటీతో కొత్తదాన్ని పక్కన చేరుస్తారు. మెమరీని కాపీ చేసే మెమ్‌సీపీవై సంగతే చూడండి. 64 బిట్ ఎక్స్86లో దాని మొదటి చీటీ 2.2.5. 2011లో వచ్చిన 2.14లో దానికి కొత్త రూపం చేరింది. ఒకదాని మీద ఒకటి పడే బఫర్లతో దాన్ని తప్పుగా వాడిన పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని, 2.2.5 చీటీ ఉన్నదాన్ని మెమ్‌మూవ్‌లా పనిచేసేలా ఉంచి కొత్తదానికి 2.14 కట్టారు. ఇప్పటి లిబ్‌సిలో కూడా ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

కాబట్టి పొత్తు ఒక వైపే. పాత జీలిబ్‌సి మీద కట్టిన ప్రోగ్రామ్ కొత్తదాని మీద నడుస్తుంది. కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. పైగా ఏ చీటీ తీసుకోవాలన్నది మీ కోడ్ తేల్చదు, బిల్డ్ మెషీన్‌లో ఉన్న లిబ్‌సి తేలుస్తుంది. ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో జతచేసే లింకర్ ఎప్పుడూ అక్కడున్న డిఫాల్ట్ రూపాన్నే, అంటే అన్నిటికంటే కొత్త చీటీనే పట్టుకుంటుంది. కొత్త ఫంక్షన్ ఒక్కటీ వాడకుండా రాసిన నాలుగు లైన్ల హలో వరల్డ్ కూడా పాత సర్వర్‌లో మొరాయించేది అందుకే.

ఏ గడప దగ్గర ఎవరు ఆగుతారు

కొన్ని వెర్షన్లు మామూలు మెట్లు కావు, గోడలు. 2.29లో పవ్, ఎక్స్‌ప్, లాగ్ లాంటి లెక్కల ఫంక్షన్లకు కొత్త చీటీలు వచ్చాయి. లెక్కలు చేసే ప్రోగ్రాములు చాలావరకు అక్కడ తట్టుకుంటాయి. 2.33లో స్టాట్, ఎఫ్‌స్టాట్, ఎల్‌స్టాట్ నిజమైన సింబల్స్ అయ్యాయి. అంతకుముందు అవి తెరవెనుక వేరే పేరున్న ఫంక్షన్‌ని పిలిచేవి. అంటే ఫైల్ వివరాలు స్టాట్‌తో చూసే ప్రతి ప్రోగ్రామూ అక్కడ చిక్కుకుంటుంది.

అసలు గోడ 2.34, ఆగస్టు 2021. అందులో లిబ్‌పీథ్రెడ్, లిబ్‌డీఎల్, లిబ్‌ఆర్‌టీ లాంటి విడి లైబ్రరీలను లిబ్‌సిలోనే కలిపేశారు. దాంతో చాలా థ్రెడ్ ఫంక్షన్లకు 2.34 చీటీ పడింది. దానికి తోడు మెయిన్‌ని మొదలుపెట్టే స్టార్ట్ మెయిన్ ఫంక్షన్‌కీ కొత్త రూపం వచ్చింది. దాన్ని పిలవని సీ ప్రోగ్రామ్ లేదు. అందుకే 2.34 గానీ ఆపైన గానీ ఉన్న చోట మామూలు పద్ధతిలో కట్టిన ఏ ఎగ్జిక్యూటబుల్ అయినా 2.33 మీద లేవదు. ఆ తర్వాత 2.38లో స్ట్రింగ్‌ని అంకెగా మార్చే స్ట్ర్‌టోల్ కుటుంబానికి సీ23 రూపాలు వచ్చాయి. జీ++ డిఫాల్ట్‌గా గ్నూ సోర్స్ మాక్రో పెట్టుకుంటుంది కాబట్టి, సీ++ కోడ్ ఆ ఫంక్షన్‌ని పిలిస్తే తెలియకుండానే 2.38 చీటీ అంటుకుంటుంది.

ఇక ఏ డిస్ట్రోలో ఏముందో. సెంట్‌ఓఎస్ 7లో 2.17. రెడ్ హ్యాట్ 8, దాని తోబుట్టువులైన ఆల్మాలినక్స్ 8, రాకీ 8లలో 2.28, డెబియన్ 10లోనూ అదే. రెడ్ హ్యాట్ 9లో 2.34, రెడ్ హ్యాట్ 10లో 2.39. ఉబుంటు 18.04లో 2.27, 20.04లో 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. డెబియన్ 11లో 2.31, 12లో 2.36, 13లో 2.41. మెషీన్ దగ్గరే చూసుకోవాలంటే ఎల్‌డీడీకి రెండు డాష్‌ల వెర్షన్ ఆప్షన్ ఇస్తే మొదటి లైన్‌లోనే చెబుతుంది.

ఎర్రర్ ఏ జాతిదో తేల్చుకోవడం

మొదట చూసిన వెర్షన్ ఎర్రర్ ఒక్కటే కాదు, దాని బంధువులు ఇంకొన్ని ఉన్నాయి. మందు ఒక్కోదానికి ఒక్కోటి.

అందరినీ బోల్తా కొట్టించేది "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". ఫైల్ కళ్ల ముందే ఉంటుంది, ఎగ్జిక్యూట్ పర్మిషన్ కూడా ఉంటుంది, అయినా షెల్ లేదంటుంది. లేనిది మీ ప్రోగ్రామ్ కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించాల్సిన లోడర్. ప్రతి డైనమిక్ బైనరీ లోపల లోడర్ చిరునామా పూర్తి పాత్‌గా రాసి ఉంటుంది: /లిబ్64/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్‌ఓ.2. జీలిబ్‌సికి బదులు మజిల్ అనే వేరే లిబ్‌సి వాడే ఆల్పైన్‌లో ఆ ఫైల్ ఉండదు, నిక్స్‌ఓఎస్‌లో ఆ చోట మామూలు లోడర్ ఉండదు. బైనరీ ఏ లోడర్‌ని అడుగుతోందో రీడెల్ఫ్‌కి డాష్ ఎల్ ఇస్తే ఇంటర్‌ప్రిటర్ అన్న లైన్‌లో కనిపిస్తుంది.

"కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్" అంటే ఫలానా పేరున్న లైబ్రరీ దొరకలేదని. "అన్‌డిఫైన్డ్ సింబల్" అంటే లైబ్రరీ దొరికింది గానీ అది వేరే వెర్షన్‌ది. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అయితే లైబ్రరీలతో సంబంధం లేదు. బిల్డ్‌లో మార్చ్ నేటివ్ ఫ్లాగ్ పెట్టి, బిల్డ్ మెషీన్ ప్రాసెసర్‌కే పరిమితమైన ఇన్‌స్ట్రక్షన్లు పుట్టించారని అర్థం. "సీపీయూ ఐఎస్ఏ లెవెల్ ఈజ్ లోవర్ దేన్ రిక్వైర్డ్" దానికి చుట్టం. రెడ్ హ్యాట్ 9 మొత్తాన్నీ ఎక్స్86-64-వీ2 స్థాయికి, 10ని వీ3 స్థాయికి కట్టారు కాబట్టి వాటి ప్యాకేజీలను పాత ప్రాసెసర్ మీద నడిపితే ఇది వస్తుంది.

వెర్షన్ ఎర్రర్ అని తేలాక, ఏ సింబల్స్ వల్ల వచ్చిందో చూడాలి. ఆబ్జ్‌డంప్‌కి పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి, దాని అవుట్‌పుట్‌ని జీలిబ్‌సి_ అన్న పదం కోసం గ్రెప్ చేసి, సార్ట్‌కి పెద్ద వీ ఇస్తే వెర్షన్ల క్రమంలో వస్తుంది. పెద్ద వీ మరిచిపోతే అక్షర క్రమంలో 2.4 వెళ్లి 2.34 తర్వాత కూర్చుంటుంది, చూసేవాళ్లు తప్పుదారి పడతారు. మీ మెయిన్ బైనరీతో పాటు వెంట తీసుకెళ్లే ప్రతి ఎస్‌ఓ ఫైల్‌కీ, అంటే షేర్డ్ లైబ్రరీకీ, ఇదే చేయాలి. వాటిలో ఏ ఒక్కటి 2.35 అడిగినా మొత్తం అక్కడే ఆగుతుంది.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని బైనరీ మీద ఎల్‌డీడీ నడపకండి. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపించగలదని దాని మాన్యువల్ పేజీయే హెచ్చరిస్తుంది. ఆబ్జ్‌డంప్‌కి చిన్న పీ ఇచ్చి నీడెడ్ అన్న లైన్లు చూస్తే ఆ ప్రమాదం లేదు. నడుస్తున్నప్పుడు డీఎల్‌ఓపెన్‌తో ఎక్కే ప్లగిన్లు ఈ రెండిట్లోనూ కనిపించవు. వాటికి ఎల్‌డీ_డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని లిబ్స్ అని పెట్టి ప్రోగ్రామ్ నడపండి. ఏ లైబ్రరీ కోసం ఏయే డైరెక్టరీలు తిరిగిందో, చివరికి ఏది తీసుకుందో లోడర్ లైన్ లైన్‌గా చెబుతుంది. ఎల్‌డీ_డీబగ్‌ని వెర్షన్స్ అని పెడితే చీటీల సరిచూపు కూడా కనిపిస్తుంది.

సోర్స్ చేతిలో ఉంటే

అప్పుడు పెద్దగా ఆలోచించాల్సింది లేదు: మీరు నడపాలనుకునే సిస్టమ్‌లలో అన్నిటికంటే పాత జీలిబ్‌సి ఏదో, దాని మీద బిల్డ్ చేయండి. పాత మెషీన్ వెతుక్కోనక్కర్లేదు, కంటైనర్ చాలు. ఈరోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆల్మాలినక్స్ 8 ఇమేజ్, అంటే 2.28, సరైన గడప, అంటే కనీస జీలిబ్‌సి వెర్షన్. 2.17 దాకా దిగాల్సిన అవసరం ఇంకా ఉన్న చోట్లు ఉన్నాయి గానీ, సెంట్‌ఓఎస్ 7కి 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. దాని మామూలు మిర్రర్లు పనిచేయవు, యమ్ రెపో ఫైళ్లను వాల్ట్ చిరునామాకి మార్చుకుంటేనే ప్యాకేజీలు దిగుతాయి. నోడ్ 18 తన గడపను 2.28కి పెంచింది, వీఎస్ కోడ్ రిమోట్ సర్వర్ కూడా 2024 మొదట్లో అదే చేసింది. ఒక పెద్ద ప్రాజెక్ట్ 2.17ని వదిలేస్తే దాని మీద ఆధారపడ్డ పనిముట్లన్నీ దాని వెంటే జరుగుతాయి.

పైథాన్ వాళ్లు ఈ పద్ధతికి పేర్లు కూడా పెట్టేశారు. మెనీలినక్స్1 సెంట్‌ఓఎస్ 5 మీద, అంటే 2.5. మెనీలినక్స్2010 సెంట్‌ఓఎస్ 6 మీద, 2.12. మెనీలినక్స్2014 సెంట్‌ఓఎస్ 7 మీద, 2.17. ఆ తర్వాత సంవత్సరాల పేర్లు మానేసి నేరుగా జీలిబ్‌సి అంకెనే పేరులో పెట్టారు: మెనీలినక్స్_2_28. ఆ బిల్డ్ ఇమేజ్‌లు పైథాన్ కోసమే అయినా మామూలు సీ, సీ++ ప్రోగ్రాములకూ చక్కగా పనికొస్తాయి.

పాత డిస్ట్రో అంటే పాత కంపైలరే కదా, సీ++20 ఎలా అన్న సందేహం వస్తుంది. రెడ్ హ్యాట్ దీనికి మంచి ఉపాయం చేసింది. సెంట్‌ఓఎస్ 7లో డెవ్‌టూల్‌సెట్, 8లో జీసీసీ-టూల్‌సెట్ పేరుతో కొత్త జీసీసీలు దొరుకుతాయి. వీటిలో సీ++ లైబ్రరీ పేరైన లిబ్‌ఎస్‌టీడీసీ++ అన్న ఫైల్ నిజమైన లైబ్రరీ కాదు, చిన్న లింకర్ స్క్రిప్ట్. సిస్టమ్‌లోని పాత లైబ్రరీలో ఉన్నవాటిని అక్కడి నుంచే తీసుకోమని, లేని కొత్తవాటిని నాన్‌షేర్డ్ అనే స్టాటిక్ ఆర్కైవ్ నుంచి మీ బైనరీలోకే కలిపేయమని అది చెబుతుంది. కొత్త భాష, పాత గడప, రెండూ దక్కుతాయి. ఒక్క మెలిక: సెంట్‌ఓఎస్ 7 డెవ్‌టూల్‌సెట్ పాత స్ట్రింగ్ ఏబీఐనే (కంపైల్ అయిన కోడ్‌ల మధ్య ఒప్పందాన్ని) వాడుతుంది, సీఎక్స్‌ఎక్స్11 ఏబీఐ మాక్రోని 1 అని పెట్టినా పట్టించుకోదు. జీసీసీ 5 నుంచి ఎస్‌టీడీ స్ట్రింగ్‌కి రెండు రూపాలున్నాయి. ఒక లైబ్రరీ పాత రూపంతో, మీ ప్రోగ్రామ్ కొత్త రూపంతో కడితే లింక్ దగ్గరే అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ వస్తుంది. ఆ పేరు మధ్యలో సీఎక్స్‌ఎక్స్11 అని కనిపిస్తే కారణం ఇదే.

కంటైనర్ వద్దనుకుంటే జిగ్ కంపైలర్ ఉంది. జిగ్ సీసీకి టార్గెట్‌గా ఎక్స్86_64-లినక్స్-గ్నూ.2.17 అని ఇస్తే, మీ మెషీన్‌లో ఏ జీలిబ్‌సి ఉన్నా 2.17 చీటీలకే లింక్ చేస్తుంది. ఒట్టి సీ ప్రాజెక్టులకు ఇంతకంటే సుళువైనది లేదు. కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి బయటి లైబ్రరీలు వాడితే వాటినీ అదే టార్గెట్‌కి మీరే కట్టుకోవాలి; సిస్టమ్‌లో ఉన్న కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి లింక్ చేస్తే పాత కథే. సీ++ అయితే జిగ్ తన సొంత లిబ్‌సీ++ని స్టాటిక్‌గా పెడుతుంది, జీసీసీతో కట్టిన సీ++ లైబ్రరీలతో అది కలవదు.

సిమ్‌వెర్ అనే అసెంబ్లర్ డైరెక్టివ్‌తో మెమ్‌సీపీవైకి 2.2.5 చీటీనే కావాలని కోడ్‌లో రాసే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఒకటి రెండు సింబల్స్ ఉన్న రోజుల్లో పనికొచ్చేది. 2.34 తర్వాత చాలా థ్రెడ్ ఫంక్షన్లు మారాయి, స్టార్ట్ మెయిన్‌ని పిలిచేది మీ కోడ్ కాదు, కంపైలర్ చేర్చే సీఆర్‌టీ1 ఆబ్జెక్ట్. దాంతో కుస్తీ పట్టే బదులు కంటైనర్‌లో బిల్డ్ చేస్తే పది నిమిషాల పని.

కొత్త లింకర్లతో ఇంకో మెలిక. రీలొకేషన్ పట్టికలను కుదించే రెల్ర్ పద్ధతి 2.36 నుంచి జీలిబ్‌సికి తెలుసు. ఆ ఫ్లాగ్‌తో కట్టిన బైనరీ పాత సిస్టమ్‌లో జీలిబ్‌సి_ఏబీఐ_డీటీ_రెల్ర్ లేదంటుంది. ఇది ఫంక్షన్ చీటీ కాదు, ఫార్మాట్ చీటీ. లింకర్‌కి జెడ్ ఆప్షన్‌లో నోప్యాక్-రిలేటివ్-రీలోక్స్ ఇస్తే పోతుంది.

లిబ్‌ఎస్‌టీడీసీ++ వేరే లెక్క

జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్_3.4.29 లేదు అన్న ఎర్రర్‌ని చాలామంది జీలిబ్‌సి ఎర్రరే అనుకుంటారు. ఇది సీ++ లైబ్రరీది, జీసీసీతో పాటు వస్తుంది. జీసీసీ 8తో 3.4.25 దాకా, జీసీసీ 11తో 3.4.29 దాకా, జీసీసీ 12తో 3.4.30 దాకా చీటీలు ఉంటాయి. దీని మందు సులభం: లింక్ లైన్‌లో స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++, స్టాటిక్-లిబ్‌జీసీసీ అన్న రెండు ఫ్లాగ్‌లు. లైబ్రరీ బైనరీలోకే వచ్చేస్తుంది, సైజు కొంచెం పెరుగుతుంది, అంతే. లైసెన్స్ గురించి భయపడక్కర్లేదు, జీసీసీ రన్‌టైమ్ మినహాయింపు దానికి ఉంది.

కానీ మీ ప్రాజెక్ట్‌లో సొంత ఎస్‌ఓ ఫైళ్లు చాలా ఉండి, ఒకదాంట్లో విసిరిన ఎక్సెప్షన్‌ని ఇంకోదాంట్లో పట్టుకుంటుంటే స్టాటిక్ వద్దు. రన్‌టైమ్ ఒక్కో ఎస్‌ఓలో ఒక్కో కాపీ అయి, క్యాచ్ పట్టాల్సిన చోట ప్రోగ్రామ్ అబార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు లిబ్‌ఎస్‌టీడీసీ++ని ఫైల్‌గా వెంట పెట్టుకోవాలి. అక్కడ గ్రాఫిక్స్ ఉచ్చు కాచుకుని ఉంటుంది. మీ ప్రోగ్రామ్ ఓపెన్‌జీఎల్ వాడితే డ్రైవర్ ఎప్పుడూ హోస్ట్ సిస్టమ్ నుంచే రావాలి, ఎందుకంటే అది ఆ మెషీన్ కార్డ్‌కీ కెర్నెల్‌కీ జత. హోస్ట్ మీసా డ్రైవర్ కొత్త జీసీసీతో కట్టి ఉంటుంది. మీరు తెచ్చిన పాత లిబ్‌ఎస్‌టీడీసీ++ ముందే మెమరీలో ఎక్కి కూర్చుంటే డ్రైవర్‌కి కావాల్సిన చీటీ దొరకదు, స్క్రీన్ నల్లగా మిగులుతుంది. మొదలుపెట్టే స్క్రిప్ట్‌లో హోస్ట్ లైబ్రరీనీ మీదాన్నీ పోల్చి, రెండిట్లో కొత్తది తీసుకోవడమే దీనికి నిలిచిన పరిష్కారం.

లైబ్రరీలు వెంట పెట్టుకెళ్లడం

లిబ్‌సి కుటుంబం, లోడర్, లిబ్‌జీఎల్, లిబ్‌ఈజీఎల్, లిబ్‌కూడా లాంటి డ్రైవర్ భాగాలు తప్ప మిగతావన్నీ వెంట తీసుకెళ్లవచ్చు. బైనరీ పక్కన లిబ్ అనే డైరెక్టరీ పెట్టి, బైనరీలో ఆర్‌పాత్‌గా (లైబ్రరీలను వెతకాల్సిన చోటుగా) డాలర్ ఆరిజిన్/లిబ్ అని రాస్తే సరిపోతుంది. ఆరిజిన్ అంటే ఆ బైనరీ ఉన్న డైరెక్టరీ. మేక్‌ఫైల్‌లో రాసేటప్పుడు డాలర్‌ని రెండుసార్లు వేసి, మొత్తాన్నీ సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. లేకపోతే ఒకసారి మేక్, ఇంకోసారి షెల్ దాన్ని మింగేసి ఖాళీ వదులుతాయి. బిల్డ్ అయ్యాక రీడెల్ఫ్‌కి చిన్న డీ ఇచ్చి ఆరిజిన్ పదం నిజంగా ఉందో లేదో చూసుకోండి.

ఇక్కడే ఆర్‌పాత్, రన్‌పాత్ అనే కవల సోదరుల గొడవ. పాతది ఆర్‌పాత్, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ కంటే ముందు వెతుకుతారు. కొత్తది రన్‌పాత్, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ తర్వాత వెతుకుతారు. చాలా డిస్ట్రోల లింకర్లు ఇప్పుడు ఆర్‌పాత్ అని అడిగినా రన్‌పాతే రాస్తాయి. అసలు తేడా వరసలో లేదు. రన్‌పాత్ ఆ ఫైల్ నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు మళ్లీ అడిగేవాటికి కాదు. మీ ప్రోగ్రామ్‌కి లిబ్‌ఏ కావాలి, లిబ్‌ఏకి లిబ్‌బీ కావాలి అనుకోండి. రెండూ మీ లిబ్ డైరెక్టరీలోనే ఉన్నా లిబ్‌ఏ దొరుకుతుంది, లిబ్‌బీ దొరకదు. ఫైల్ అక్కడే ఉందే అని తల పట్టుకునేది ఇక్కడే. మందు రెండు రకాలు: ప్రతి ఎస్‌ఓ ఫైల్‌లోనూ రన్‌పాత్‌గా ఉత్త డాలర్ ఆరిజిన్ రాయడం, లేదా లింకర్‌కి డిజేబుల్-న్యూ-డీట్యాగ్స్ ఇచ్చి మెయిన్ బైనరీలో పాత ఆర్‌పాత్‌నే పెట్టడం. మొదటిది మేలు, ఏ ఫైల్ సంగతి ఆ ఫైల్‌లోనే ఉంటుంది.

కట్టేసిన బైనరీలో ఇవి మార్చాలంటే నిక్స్‌ఓఎస్ వాళ్ల ప్యాచెల్ఫ్. సెట్-ఆర్‌పాత్, సెట్-ఇంటర్‌ప్రిటర్, రీప్లేస్-నీడెడ్ అన్న ఆప్షన్లతో పని అయిపోతుంది. స్ట్రిప్ చేయాలనుకుంటే ప్యాచెల్ఫ్‌కి ముందే చేయండి. తర్వాత చేస్తే బైనరీ పాడవడం కద్దు. ఫైల్ యజమాని హక్కులతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రాములకు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ పనిచేయదు, ఆరిజిన్‌నీ నమ్ముకోవడానికి లేదు, భద్రత కోసం.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని ప్రొఫైల్ ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి వదిలేసే అలవాటు మానుకోవాలి. అది మీ ప్రోగ్రామ్‌కే కాదు, అది పుట్టించే ప్రతి పిల్ల ప్రాసెస్‌కీ అంటుతుంది. మీ యాప్ బ్రౌజర్‌ని తెరిస్తే ఆ బ్రౌజర్ మీ పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని ఎక్కించుకుని కూలుతుంది.

మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా ఇచ్చే యాప్‌ఇమేజ్ కూడా సాధారణంగా జీలిబ్‌సిని వెంట తీసుకెళ్లదు. కాబట్టి పాత గడప మీద కట్టాలన్న నియమం దానికీ ఉంది. ఉబుంటు 22.04 నుంచి ఫ్యూజ్ 2 డిఫాల్ట్‌గా రాదు కాబట్టి యాప్‌ఇమేజ్ లిబ్‌ఫ్యూజ్.ఎస్‌ఓ.2 లేదని ఆగితే, యాప్‌ఇమేజ్-ఎక్స్‌ట్రాక్ట్-అండ్-రన్ ఆప్షన్‌తో నడపండి.

పూర్తిగా స్టాటిక్ అంటే?

లైబ్రరీలన్నిటినీ బైనరీలోనే కలిపేయడం అన్నమాట. గో భాషకి ఇది సహజం. సీజీఓ_ఎనేబుల్డ్‌ని 0 చేస్తే లిబ్‌సి ఊసే లేని బైనరీ వస్తుంది. నెట్ ప్యాకేజీ వాడితే డిఫాల్ట్‌గా సీ కోడ్‌ని కలిపే సీజీఓ చేరుతుందన్నదే గుర్తుంచుకోవాలి. రస్ట్‌లో మజిల్ టార్గెట్ ఉంది. గ్నూ టార్గెట్‌కి 1.64 నుంచి కనీస గడప 2.17.

సీలో జీలిబ్‌సినే స్టాటిక్‌గా లింక్ చేస్తే గెట్ఏడీడీఆర్‌ఇన్ఫో దగ్గర లింకర్ హెచ్చరిస్తుంది: నడిచేటప్పుడు అదే వెర్షన్ జీలిబ్‌సి షేర్డ్ లైబ్రరీలు కావాలని. పేర్ల వెతుకులాట, యూజర్ల పట్టిక, క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ మార్పిడి ఇవన్నీ జీలిబ్‌సి లోపల డీఎల్‌ఓపెన్‌తో నడుస్తాయి. పేరుకే స్టాటిక్, పని మాత్రం డైనమిక్. నెట్‌వర్క్ వాడని చిన్న పనిముట్లకు తప్ప ఇది మంచిది కాదు.

మజిల్‌తో ఆ బాధ లేదు, వేరే బాధలున్నాయి. దాని థ్రెడ్ స్టాక్ డిఫాల్ట్‌గా 128 కేబీ. జీలిబ్‌సిలో సాధారణంగా 8 ఎంబీ. లోతుగా రికర్షన్ చేసే కోడ్ ఏ కారణమూ చెప్పకుండా సెగ్‌ఫాల్ట్ అవుతుంది. చాలా థ్రెడ్లు ఒకేసారి మెమరీ అడిగే ప్రోగ్రాముల్లో దాని మాలాక్ నెమ్మది. ఆ చోట జెమాలాక్ లాంటిది కలిపి కట్టుకోవడం మామూలే. స్టాటిక్ మజిల్ బైనరీలో డీఎల్‌ఓపెన్ పనిచేయదు, కాబట్టి ప్లగిన్లున్న ప్రోగ్రాములకు, గ్రాఫిక్స్‌కి ఇది దారి కాదు.

సోర్స్ లేని బైనరీ అయితే

మొదటి మాట కంటైనర్. డాకర్, పాడ్‌మన్, రూట్ పర్మిషన్ ఇవ్వని పెద్ద క్లస్టర్లలో అయితే ఆప్టెయినర్. లైబ్రరీలన్నీ ఇమేజ్‌లోవే, కెర్నెల్ మాత్రం హోస్ట్‌దే. అక్కడ రెండు రాళ్లు తగులుతాయి. ఒకటి: పాత డాకర్ మీద 2.34 గానీ ఆపైన గానీ ఉన్న ఇమేజ్ నడిపితే థ్రెడ్లు పుట్టవు. కొత్త జీలిబ్‌సి క్లోన్3 సిస్టమ్ కాల్ ప్రయత్నిస్తుంది. అలాంటి కాల్ లేదని జవాబొస్తే పాత క్లోన్‌కి మారుతుంది. కానీ సిస్టమ్ కాల్స్‌ని వడకట్టే పాత డాకర్ సెక్‌కాంప్ ఫిల్టర్, అలాంటి కాల్ లేదని చెప్పే బదులు అనుమతి లేదంటుంది, జీలిబ్‌సి అక్కడే చేతులెత్తేస్తుంది. డాకర్ 20.10.10లో దీన్ని సరిచేశారు. రెండోది తిరగేసిన కథ: సెంట్‌ఓఎస్ 6 ఇమేజ్ కొత్త కెర్నెల్ మీద 139 కోడ్‌తో చటుక్కున చనిపోతే, కెర్నెల్ బూట్ లైన్‌లో వీసిస్‌కాల్=ఎమ్యులేట్ చేర్చాలి.

కంటైనర్ కుదరకపోతే సొంత జీలిబ్‌సిని /ఆప్ట్ కింద వేరే డైరెక్టరీలో పెట్టుకోవచ్చు. సోర్స్ డైరెక్టరీలో కాకుండా వేరే ఖాళీ డైరెక్టరీలో కన్ఫిగర్ చేయాలి, ప్రిఫిక్స్ /ఆప్ట్/జీలిబ్‌సి-2.39 లాంటిదే ఇవ్వాలి, /యూఎస్‌ఆర్ ఎప్పుడూ కాదు. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో ప్రస్తుత డైరెక్టరీ చుక్క ఉంటే కన్ఫిగర్ ఒప్పుకోదు. కట్టాక ప్రోగ్రామ్‌ని నేరుగా కాకుండా, ఆ డైరెక్టరీలోని లోడర్‌నే కమాండ్‌గా పిలిచి, లైబ్రరీ-పాత్ ఆప్షన్‌లో కొత్త లిబ్ డైరెక్టరీతో పాటు సిస్టమ్ లిబ్ డైరెక్టరీనీ ఇచ్చి, చివర ప్రోగ్రామ్ పేరు పెట్టాలి. లోడరూ లిబ్‌సీ ఒకే బిల్డ్‌వి కావాలి. వాటి మధ్య జీలిబ్‌సి_ప్రైవేట్ అనే గుట్టు ఒప్పందం ఉంటుంది, అది ప్రతి వెర్షన్‌కీ మారుతుంది. పాత లోడర్‌కి ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌తో కొత్త లిబ్‌సి చూపిస్తే ఆ షెల్‌లో ఎల్‌ఎస్ కూడా సెగ్‌ఫాల్ట్ అయ్యేది అందుకే.

ఈ పద్ధతిలో తన చిరునామాని ప్రాక్ సెల్ఫ్ ఈఎక్స్‌ఈ నుంచి చదువుకునే ప్రోగ్రాములు గందరగోళపడతాయి, అక్కడ లోడర్ పేరు కనిపిస్తుంది కాబట్టి. అలాంటివాటికి ప్యాచెల్ఫ్‌తో ఇంటర్‌ప్రిటర్‌నే మార్చాలి. ఆ చిరునామా పూర్తి పాత్‌గా ఉండాలి, ఆరిజిన్ అక్కడ చెల్లదు. లొకేల్, ఎన్‌కోడింగ్ ఫైళ్లు దొరక్కపోతే లొక్‌పాత్, జీకాన్వ్_పాత్ వేరియబుల్స్ చూపించాలి.

ఎవరైనా ఇప్పటికే సిస్టమ్ లిబ్‌సిని చెడగొట్టి ఉంటే, తెరిచి ఉన్న రూట్ షెల్‌ని మాత్రం మూయకండి. షెల్‌లో పుట్టుకతో ఉన్న సీడీ, ఎకో పనిచేస్తాయి. పాత ఫైల్ ఇంకా డిస్క్‌లో ఉండి లింక్ మాత్రమే మారి ఉంటే, ఎల్‌డీ_ప్రీలోడ్‌లో పాత లిబ్‌సి పూర్తి పాత్ ఇచ్చి ఎల్‌ఎన్ నడిపి లింక్ తిప్పవచ్చు. అదీ కుదరకపోతే ఎస్‌ఎల్‌ఎన్ అనే స్టాటిక్ ఎల్‌ఎన్‌ని కొన్ని డిస్ట్రోలు సరిగ్గా ఈ ఘడియ కోసమే ఇస్తాయి.

పాత బైనరీ, కొత్త సిస్టమ్

ఈ వైపు జీలిబ్‌సి సాధారణంగా గొడవ పెట్టదు, మిగతా లైబ్రరీలు పెడతాయి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 ఉబుంటు 22.04 నుంచి లేదు. లిబ్‌క్రిప్ట్.ఎస్‌ఓ.1కి ఫెడోరా, రెడ్ హ్యాట్ 9లలో లిబ్‌ఎక్స్‌క్రిప్ట్-కాంపాట్ ప్యాకేజీ వేయాలి. లేని పేరుకి కొత్తదాని నుంచి సిమ్‌లింక్ పెట్టే చిట్కా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దగ్గర వెంటనే పట్టుబడుతుంది, దాని సింబల్స్‌కీ చీటీలున్నాయి కాబట్టి. చీటీలు లేని లైబ్రరీ దగ్గర పట్టుబడదు, అదే ఎక్కువ భయం: ప్రోగ్రామ్ లేస్తుంది, స్ట్రక్చర్ సైజు మారిన చోట ఎప్పుడో డేటా పాడు చేస్తుంది. పాత ప్యాకేజీ నుంచి అసలు ఫైల్‌నే తీసి ఆ ప్రోగ్రామ్ సొంత లిబ్ డైరెక్టరీలో పెట్టుకోండి.

జీలిబ్‌సి వైపు నుంచి వచ్చిన ఒక కొత్త అడ్డు 2.41లో ఉంది. స్టాక్ మీద కోడ్ నడపాలని అడిగే ఎస్‌ఓ ఫైళ్లను డీఎల్‌ఓపెన్ ఇక ఒప్పుకోదు. పాత ప్లగిన్ ఒకటి "ఎగ్జిక్యూటబుల్ స్టాక్" అన్న మాటతో ఆగితే, నిజానికి ఆ అవసరం లేకుండా పొరపాటున ఆ గుర్తు పడి ఉండటమే చాలాసార్లు కారణం. అసెంబ్లీ ఫైల్‌లో గ్నూ-స్టాక్ సెక్షన్ రాయకపోతే ఆ గుర్తు పడుతుంది. ప్యాచెల్ఫ్‌లో క్లియర్-ఎగ్జెక్‌స్టాక్ దాన్ని తీసేస్తుంది.

విడుదలకు ముందు బిల్డ్ స్క్రిప్ట్ చివర రెండు లైన్లు చేర్చుకోండి: ప్రతి ఈఎల్‌ఎఫ్ ఫైల్‌లోని (ఎగ్జిక్యూటబుల్ గానీ ఎస్‌ఓ గానీ) అతి పెద్ద జీలిబ్‌సి చీటీ తీసి, మీ గడప 2.28ని దాటితే బిల్డ్‌ని ఫెయిల్ చేసేయాలి. తర్వాత ఆల్మాలినక్స్ 8, డెబియన్ 11, ఉబుంటు 24.04ల కనీస ఇమేజ్‌లలో ఒక్కోసారి నడపండి. డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేసిన ఇమేజ్ కాకుండా ఖాళీదే వాడాలి, వెంట తీసుకెళ్లడం మరిచిన లైబ్రరీలు అప్పుడే బయటపడతాయి. ప్రోగ్రామ్‌ని వెర్షన్ ఆప్షన్‌తో లేపి ఊరుకోకుండా ఒక హోస్ట్ పేరు వెతికించండి, ఒక ప్లగిన్ ఎక్కించండి, ఎల్‌డీ_బైండ్_నౌ 1 చేసి ఇంకోసారి నడపండి. సింబల్స్‌ని అవసరమైనప్పుడే వెతికే లోడర్ అలవాటు వల్ల, లేని ఫంక్షన్ ఆ వేరియబుల్ లేకపోతే దాన్ని పిలిచే క్షణం దాకా బయటపడదు.